కౌంట్‌డౌన్ టైమర్ కాంపోనెంట్: ఒక విమర్శనాత్మక పరిశీలన

వెబ్ కాంపోనెంట్లను పరిచయం చేసే పాఠాల్లో తరచుగా కనిపించే ఉదాహరణ కౌంట్‌డౌన్ టైమర్. దాన్ని ఎలా రాయాలో నేర్పే పాఠాలు చాలానే ఉన్నాయి. రాసిన దానిని ఎలా అంచనా వేయాలో ఈ భాగంలో తెలుసుకుందాం. ఆన్‌లైన్ పరీక్ష రాసే మీవంటి విద్యార్థికి తెరమీద కనిపించే నిమిషాలే ఆధారం. ఆ అంకె తప్పితే నష్టపోయేది మీరే. కాబట్టి ఈ చిన్న పరికరాన్ని కాస్త నిశితంగానే చూడాలి.

1. నమూనాలోని మంచి

పాఠాల్లో సాధారణంగా ఇచ్చే నమూనా ఇలా ఉంటుంది. ఒక క్లాస్ రాస్తారు. దానికి 'కౌంట్‌డౌన్-టైమర్' వంటి ట్యాగ్ పేరు పెట్టి నమోదు చేస్తారు. ఇటువంటి పేరులో హైఫన్ తప్పనిసరి. ఎన్ని సెకన్లో ఒక యాట్రిబ్యూట్‌లో ఇస్తారు. సెట్‌ఇంటర్వల్ సాయంతో సెకనుకు ఒకటి చొప్పున ఆ సంఖ్యను తగ్గిస్తూ పోతారు.

ఈ పద్ధతికి గొప్ప సుగుణం ఉంది. ఏ ఫ్రేమ్‌వర్క్ అవసరమూ లేదు. కస్టమ్ ఎలిమెంట్ల ప్రమాణాన్ని 2016లో క్రోమ్ 54, 2018లో ఫైర్‌ఫాక్స్ 63 అమలులోకి తెచ్చాయి. ఇప్పుడు ప్రధాన బ్రౌజర్లన్నీ దీన్ని అర్థం చేసుకుంటాయి. షాడో డామ్ వాడితే పేజీలోని స్టైల్ నియమాలు టైమర్ లోపలి భాగాలను చెదరగొట్టవు. ఇంతవరకు నమూనాను మెచ్చుకోవలసిందే.

2. లెక్కిస్తున్నది కాలాన్నా, పిలుపులనా?

అసలు లోపం తీసివేతలో ఉంది. సెట్‌ఇంటర్వల్ తనను ఎన్నిసార్లు పిలిచిందో ఈ నమూనా లెక్కిస్తుంది. ఎంత కాలం గడిచిందో లెక్కించదు. ఈ రెండూ ఒకటి కావు. 2021లో వచ్చిన క్రోమ్ 88 నుంచి, శబ్దమేమీ లేని పేజీ 5 నిమిషాలకు మించి కనబడకుండా ఉంటే, ఇటువంటి పిలుపులు నిమిషానికి ఒకసారికి తగ్గిపోవచ్చు. బ్యాటరీని ఆదా చేయడానికి చేసిన ఏర్పాటు ఇది.

ఒక ఉదాహరణ చూడండి. 30 నిమిషాల టైమర్ నడుస్తోంది. మీరు మరో ట్యాబ్‌లోకి వెళ్ళి 20 నిమిషాలు అక్కడే ఉన్నారు. మొదటి 5 నిమిషాలు సరిగానే తగ్గాయి. తరువాతి 15 నిమిషాల్లో సుమారు 15 సెకన్లే తగ్గాయి. తిరిగి వచ్చేసరికి తెరమీద 24 నిమిషాల 45 సెకన్లు కనిపిస్తాయి. నిజానికి మిగిలింది 10 నిమిషాలే.

పరిష్కారం కష్టమైనది కాదు. ముగింపు క్షణాన్ని ముందే నిర్ణయించి దాచుకోవాలి. ప్రతి పిలుపులోనూ ఆ క్షణం నుంచి ప్రస్తుత సమయాన్ని తీసివేసి చూపాలి. అప్పుడు మధ్యలో కొన్ని పిలుపులు తప్పిపోయినా తరువాతి పిలుపు అంకెను సరిచేస్తుంది.

3. పునర్వినియోగానికి పరీక్ష

ఒకే పేజీలో రెండు టైమర్లు పెట్టి చూడండి. కాంపోనెంట్ లోపల పేజీ మొత్తంలో ఐడీ కోసం వెతికే కోడ్ ఉంటే మొదటి టైమరే మారుతుంది, రెండోది కదలదు. ప్రతి టైమరూ తన లోపలి భాగాలనే వెతుక్కోవాలి.

తరువాత టైమర్‌ను పేజీలో ఒకచోటి నుంచి మరొకచోటికి జరపండి. అప్పుడు డిస్‌కనెక్టెడ్‌కాల్‌బ్యాక్, ఆ వెంటనే కనెక్టెడ్‌కాల్‌బ్యాక్ పనిచేస్తాయి. మొదటిదానిలో ఇంటర్వల్‌ను రద్దు చేయకపోతే పాతదీ కొత్తదీ కలిసి నడుస్తాయి. తీసివేత నమూనాలో అప్పుడు 30 నిమిషాల గడువు 15 నిమిషాల్లోనే అయిపోతుంది.

సమయం ముగిసినప్పుడు ఫారాన్ని పంపించే పని కూడా టైమర్‌కే అప్పగించడం మరో పొరపాటు. ముగిసిందని ఒక ఈవెంట్ ద్వారా తెలియజేస్తే చాలు. ఏం చేయాలో పేజీ నిర్ణయించుకుంటుంది.

4. ఎవరి గడియారం?

ముగింపు క్షణాన్ని రాయడంలోనూ జాగ్రత్త అవసరం. '2026-01-15' అని తేదీ మాత్రమే ఇస్తే జావాస్క్రిప్ట్ దాన్ని యూటీసీ అర్ధరాత్రిగా తీసుకుంటుంది. అది మనకు ఉదయం 5:30. అదే తేదీకి సమయం జోడించి, టైమ్‌జోన్ చెప్పకపోతే చూసేవారి స్థానిక సమయంగా తీసుకుంటుంది. హైదరాబాదులోనూ డల్లాస్‌లోనూ ఒకే ప్రవేశ దరఖాస్తు నింపుతున్న ఇద్దరికి రెండు వేర్వేరు గడువులు కనిపిస్తాయి. +05:30 అని స్పష్టంగా రాయడమే మార్గం.

ఫోన్ గడియారం 7 నిమిషాలు వెనుకబడి ఉంటే టైమర్ 7 నిమిషాలు ఎక్కువ చూపుతుంది. అందుకే పరీక్షల వంటి చోట మిగిలిన సమయాన్ని సర్వర్ చెప్పాలి. గడువు దాటిందా లేదా అన్న తుది నిర్ణయం కూడా సర్వర్‌దే. టైమర్ కేవలం తెలియజేస్తుంది.

5. వాడుకలో నీతి

స్క్రీన్ రీడర్ వాడే విద్యార్థికి ప్రతి సెకనూ చదివి వినిపిస్తే ప్రశ్న చదవడమే సాధ్యం కాదు. 'టైమర్' అనే ఏరియా రోల్ తనంతట తాను ప్రతి మార్పునూ ప్రకటించకపోవడానికి కారణం ఇదే. 10 నిమిషాలు, 5 నిమిషాలు, 1 నిమిషం మిగిలినప్పుడు విడిగా చెబితే చాలు. అంతేకాక, అవకాశమున్న చోట గడువు పెంచుకునే వీలు ఉండాలని డబ్ల్యూకాగ్ 2.2.1 నియమం కోరుతుంది. పరీక్షకు గడువు తప్పనిసరి అని వాదించవచ్చు. మామూలు దరఖాస్తు నింపడానికి ఆ వాదన నిలవదు.

ఇక పేజీ తెరిచిన ప్రతిసారీ మళ్ళీ 15 నిమిషాల నుంచి మొదలయ్యే 'ఆఫర్' టైమర్లు ఉన్నాయి. వాటికి ముగింపు క్షణమే లేదు; కొనేవారిని తొందరపెట్టడమే వాటి పని. మన దేశంలో 2023 నవంబరు 30న వెలువడిన డార్క్ ప్యాటర్న్‌ల మార్గదర్శకాలు పేర్కొన్న 13 పద్ధతుల్లో ఇటువంటి తప్పుడు తొందర ఒకటి. సాంకేతికంగా దోషం లేని కోడ్ కూడా అబద్ధం చెప్పగలదని దీనివల్ల గ్రహించండి.

సారాంశం

టైమర్ చూపే ప్రతి అంకె వెనుక నిజమైన ఒక ముగింపు క్షణం ఉండాలి. మంచి కాంపోనెంట్‌కు ఇదే కొలమానం.

అభ్యాసం: మీరు రాసిన టైమర్‌ను 10 నిమిషాలు మరో ట్యాబ్ వెనుక ఉంచండి, పేజీలో చోటు మార్చండి, ఫోన్ గడియారాన్ని వెనక్కి తిప్పండి. ప్రతిసారీ తెరమీది అంకెను గోడగడియారంతో పోల్చి, తేడాకు కారణం మీ మాటల్లో రాయండి.