వేశ్యావాటికలు – ఛాయాచిత్రములు

తార్నాకకు చేరువనున్న ఆంగ్ల, విదేశీభాషల విశ్వవిద్యాలయపు ఆవరణమున నొక పాత మెట్లబావి కలదు. అది మహ్ లఖా బాయి చందా (1768–1824) పేరిట నిలిచినది. ఆమె తవాయిఫు, ఉర్దూ కవయిత్రి, నిజాము దర్బారున జాగీరులు పొందిన విదుషి. ప్రక్కనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసిన అడిక్‌మెట్ భూములు నామె జాగీరులోనివే. ఛాయాచిత్రము పుట్టకమునుపే గతించుటచే నామె రూపమును యంత్రము పట్టలేదు. లోకము తన్నెట్లు చూడవలెనో యామె చాలవరకు తానే నిర్ణయించుకొన్నది. 1799లో మాల్కమ్ దొరకు తన దీవాను ప్రతి నిచ్చినది. మౌలాలీ గుట్టక్రింద తల్లికి సమాధి కట్టించి, తుద కచ్చటనే విశ్రమించినది. భూమి చేతనుండుటచే నామె కా స్వాతంత్ర్యము చెల్లినది.

అట్టి ఆధారము లేనివారిపై ఛాయాచిత్ర యంత్రము వాలిన తీరు వేఱు. 1874లో దారోగా అబ్బాస్ అలీ లక్నో గాయనీనర్తకుల చిత్రములను 24 చేర్చి సంపుటముగా ప్రకటించెను. 1892లో హైదరాబాదున రాజా దీనదయాళుగారు ఘోషాస్త్రీలకై ప్రత్యేక చిత్రశాల నెలకొల్పి, పరపురుషుల చూపు సోకకుండ నొక ఆంగ్లవనితకు దాని నప్పగించిరి. గౌరవకుటుంబములకు గోడ, ఆటకత్తెలకు సంపుటము. యంత్రము మాత్ర మొక్కటే.

చట్టము సహించిన వేశ్యావాటికను చూపు చిత్రములలో మేము మేలైనవని యెంచునవి బెల్లాక్ అను అమెరికా ఛాయాగ్రాహకునివి. న్యూ ఆర్లియన్సు పాలకులు 1897లో నగరమున నొక పేటకు హద్దులు గీసి, వాని లోపల నీ వృత్తిని సహించిరి. 1917లో నౌకాదళాధికారుల ఒత్తిడిచే నా పేట మూతపడినది. 1912 ప్రాంతమున బెల్లాక్ అచ్చటి స్త్రీలను గాజుపలకలపై చిత్రించెను. ఒకతె చారల మేజోళ్లు తొడిగి, బల్లకడ కూర్చుండి, చేతిలోని గ్లాసును తిలకించుచుండును. మఱియొకతె చిన్న కుక్కతో నాడుకొనుచుండును. కొందఱు వివస్త్రలు, కొందఱు పెండ్లికి పోవువారివలె నిండుగ నలంకరించుకొన్నవారు. ఎట్లు కూర్చుండవలెనో తామే యెంచుకొన్నట్లు తోచును. జాలిని యాచించు చూపు గాని, విటుని పిలుచు చూపు గాని వారిలో తక్కువ. లీ ఫ్రీడ్లాండర్ ఆ పలకలను సంపాదించి ముద్రింపగా, 1970లో న్యూయార్కు ఆధునిక కళామ్యూజియమున నవి ప్రదర్శితములైనవి.

వానిలో కొన్నింట ముఖము గీకివేయబడియున్నది. దేహము స్పష్టము; మొగముండవలసినచోట నల్లని పిచ్చిగీతలు. ప్రదర్శనశాలలో వీనిని లోపములని దాటిపోవువారు గలరు. మాకు మాత్రము వానియందే యా పేట కథ యున్నదని తోచును. చట్టము దేహమునకు చోటిచ్చెను; ముఖమునకు, అనగా పేరుతో, బంధువులతో, రేపటి జీవితముతో గూడిన మనిషికి, ఈయలేదు.

మేరీ యెల్లెన్ మార్క్ బొంబాయి ఫాక్లండు వీథి చిత్రములు 1981లో పుస్తకరూపమున వెలువడినవి. పదేండ్లు ఆ వీథిస్త్రీలు నీళ్లు చల్లి, చెత్త విసరి తఱిమినను విడువక, 1978లో వారి చెలిమి సంపాదించినదట. రంగులు మిక్కిలి బలమైనవి, చెలిమియు నిజమే. కాని అందు బాలికలును గలరు. పెద్దదాని సమ్మతినైనను నలువదేండ్ల పిమ్మట చూచువారివఱకు పొడిగించుట కష్టము. బాలిక సమ్మతి సమ్మతియే కాదు. ఇచ్చట మాకు కళను మెచ్చుటకు నోరాడలేదు.

మన దేశమున చట్టసమ్మతమైన వేశ్యాగృహము లేదు. 1956 నాటి చట్టము ప్రకారము అట్టి గృహమును నడపుట నేరము. వృత్తి తనంతట నేరము కాదు. పోలీసుదాడులలో పట్టువడిన యీ స్త్రీల గుర్తు తెలియు చిత్రములు పత్రికలు ప్రకటింపరాదని సుప్రీంకోర్టు 2022 మే 19న నిర్దేశించినది. దీనదయాళుగారి గోడ వీరికి చేరుట కిన్నేండ్లు పట్టినది!

అయినను దాడి వార్తతో తఱచు వచ్చుచుండిన చిత్రమును మన యిండ్లలో నందఱము చూచియే యున్నాము. వరుసగ కూర్చుండబెట్టిన స్త్రీలు కొంగులతో మొగములు కప్పుకొని యుందురు; గీకు పని వారిచేతనే చేయించినారు. వెనుక పోలీసువారు నిటారుగ నిలిచియుందురు. ఇంటి యజమానియు, విటులును చిత్రమున కానరారు.