నేల మీద దించాకే ఆఖరి బిగింపు

అంబాసిడర్ వెనక సీట్లో కూర్చుని గుంతల రోడ్డు మీద వెళ్లినవాళ్లకు ఆ మెత్తదనం గుర్తుంటుంది. ఆ పేరంతా కమాన్ కట్టలకీ సీటు స్ప్రింగులకీ పోయింది. కట్ట చివర చుట్టగా వంచిన కన్నులో ఎవరి కంటా పడకుండా కూర్చున్న రబ్బరు బుష్షును తలుచుకునేవాళ్లు తక్కువ.

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనాగా 1950ల చివర్లో బెంగాల్‌లోని ఉత్తరపారాలో మొదలైన ఈ కారు 2014 దాకా తయారైంది. ఇంజన్లు మారాయి, ముఖం మారింది. వెనక ఇరుసు మాత్రం కమాన్ కట్టలను వదల్లేదు.

కట్ట ముందు కన్ను బోల్టుతో బాడీకి బిగిసి ఉంటుంది. వెనక కన్ను షాకిల్‌కు వేలాడుతుంది. బరువు పడితే వంగిన కట్ట చాపుకుంటుంది, షాకిల్ ఊగి దానికి చోటిస్తుంది. ఇనుమూ ఇనుమూ కొట్టుకోకుండా నడుమ రబ్బరు. బేరింగులా అది తిరగదు. లోపలి అంచు బోల్టు వైపునూ, బయటి అంచు కన్నునూ పట్టుకుని ఉంటే, మధ్యలో కండ మెలిపడి మళ్లీ విడుతుంది. కాబట్టి దానికి గ్రీజు అక్కర్లేదు. ప్రేమకొద్దీ పూస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

అరిగితే బండే చెబుతుంది. స్పీడ్ బ్రేకర్ దిగగానే వెనక టక్‌మంటుంది, మలుపులో తోక కాస్త ఆలస్యంగా వస్తుంది. చాలామంది వెంటనే షాక్ అబ్సార్బర్లు మార్పిస్తారు. చప్పుడు అలాగే ఉంటుంది. కన్ను పక్కన లివర్ రాడ్ పెట్టి మెల్లగా ఎత్తి చూస్తే విషయం తేలిపోతుంది. బోల్టు కన్నులో ఓ పక్కకు జారి ఉంటుంది, రబ్బరు ఎండిన చింతతొక్కలా పగిలి ఉంటుంది.

విప్పడమే అసలు యుద్ధం. బాడీని స్టాండ్ల మీద నిలబెట్టి, ఇరుసు కింద జాకీ పెట్టి, కట్ట మీద బరువు లేకుండా చూసుకోవాలి. తుప్పు పట్టిన బోల్టుకు ముందు రాత్రే తుప్పు వదిలించే నూనె పట్టించాలి. పాత రబ్బరును మంట పెట్టి కాల్చేసేవాళ్లున్నారు. పని తొందరగా అవుతుంది కానీ ఆ పొగ మంచిది కాదు, కట్ట ఉక్కుకు ఆ వేడీ మంచిది కాదు. డ్రిల్లుతో రబ్బరు తోడేసి, ఉక్కు గొట్టం ఉంటే హ్యాక్‌సా బ్లేడుతో ఒక గాటు పెట్టి లోపలికి మడిచి తీయడం నయం. గాటు కన్ను దాకా దిగకూడదు.

కొత్తది సుత్తితో దిగ్గొట్టకూడదు. కన్ను లోపల శుభ్రంగా గీకి, సబ్బునీళ్లు రాసి, పొడుగాటి బోల్టూ నట్టూ వాషర్లతో నిదానంగా లాగితే సర్రున కూర్చుంటుంది. ఒక పక్కది పోతే రెండో పక్కదీ మార్చాలి, లేకపోతే బండి ఒక వైపు ఒకలా, ఇంకో వైపు ఇంకోలా నడుస్తుంది. పాలీయూరితేన్ బుష్షులూ దొరుకుతున్నాయి. అవి ఎక్కువకాలం మన్నుతాయంటారు, కాకపోతే గట్టివి. రోడ్డు మీది ప్రతి రాయినీ లెక్కపెట్టి వీపుకు అప్పజెబుతాయి. పందేలకు సరే, అంబాసిడర్‌కు ఎందుకు?

ఒకసారి ఒక షెడ్డులో నా బండి జాకీ మీద ఉండగానే నట్లన్నీ బిగించేశారు. కట్ట వేలాడుతున్న భంగిమలోనే రబ్బరు పట్టు బిగిసింది. బండి దించగానే కదలకుండా ఉన్నా మెలిపడే ఉంది, గుంతలో ఇంకా మెలిపడింది. ఒక వానాకాలం గడిచేసరికి కొత్త రబ్బరు చీలిపోయింది. తప్పు సరుకుదనుకుని మళ్లీ కొన్నాను.

రెండోసారి పెద్ద మేస్త్రీ ఒకాయన నట్లను చేతి బిగువుకే వదిలేసి, బండిని చక్రాల మీద దించాడు. ‘‘డిక్కీ మీద రెండుసార్లు కూర్చుని లేవండి సార్,’’ అన్నాడు. ఊగి ఊగి కట్ట తన ఎత్తుకు వచ్చాక గోనెపట్టా పరుచుకుని కిందికి దూరాడు. అప్పుడు గాని పానా పట్టలేదు.