ఉత్ప్రేరక పరిభాష - అర్థస్పష్టత: ఆరోమాటిక్ హైడ్రోజనీకరణం ఆధారంగా పరిశీలన

కీలకపదాలు: ఉత్ప్రేరకం, హైడ్రోజనీకరణం, వరణాత్మకత, పరిభాష, తెలుగు మాధ్యమం.

1. ఉపోద్ఘాతం:
శాస్త్ర పరిభాషపై తెలుగులో జరిగిన చర్చ ఎక్కువగా సంస్కృత పదమా, ఆంగ్ల పదమా అన్న ప్రశ్న చుట్టూ తిరిగింది. ఆ పదం చర్య జరిగే తీరును తెలుపుతుందా అన్న ప్రశ్నకు అంత ప్రాధాన్యం దక్కలేదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పాఠ్యపుస్తకాలు రసాయనశాస్త్ర పరిభాషను కళాశాల తరగతులకు చేర్చాయి. ములకలపల్లి వంటి అటవీ మండలాలలో కోయ ఇంటిభాషగా గల విద్యార్థికి ఆ తెలుగు సైతం నేర్చుకోవలసిన భాషే. పదం అస్పష్టమైతే కలిగే నష్టం అక్కడే ఎక్కువ.

2. పదవిశ్లేషణ:

2.1 ఆరోమాటిక్:
తొలుత వాసనను బట్టి వచ్చిన ఈ పేరు నేడు వలయంలోని ఎలక్ట్రాన్‌ల వల్ల కలిగే ప్రత్యేక స్థిరత్వాన్ని సూచిస్తుంది. దీనిని 'సుగంధ' అని అనువదిస్తే ఈ అర్థం మరుగునపడుతుంది. కనుక ఆంగ్లపదాన్ని నిలుపుకోవడమే సమంజసం.

2.2 వరణాత్మకత:
సూక్ష్మలోహకణాల సమక్షంలో హైడ్రోజనీకరణం జరిపే పద్ధతికి సబాటియే 1912లో నోబెల్ బహుమతి పొందాడు. నికెల్ సమక్షంలో బెంజీన్ సాధారణంగా సైక్లోహెక్సేన్ వరకు వెళుతుంది. తొలి హైడ్రోజన్‌లు చేరగానే వలయ స్థిరత్వం పోయి, తరువాతి మెట్లు సులభమవడమే ఇందుకు కారణం. నడుమనున్న సైక్లోహెక్సీన్ వద్ద చర్యను ఆపడం కష్టం. జపాన్‌లో అసాహి కెమికల్ సంస్థ 1990లో రుథీనియం ఉత్ప్రేరకంతో దీనిని పారిశ్రామికంగా సాధించింది. ఉత్ప్రేరకం చుట్టూ ఉన్న నీటిపొరలో సైక్లోహెక్సీన్ బెంజీన్ కంటే తక్కువగా కరుగుతుంది. అందువల్ల లోహతలం నుంచి త్వరగా తొలగిపోతుంది. ఇక్కడ వరణమంటే కోరిన మెట్టు వద్ద ఆపగలగడం. 'ఎన్నుకొనే గుణం' అన్న నిర్వచనం ఒక్కటే ఈ విషయాన్ని తెలుపదు. వేగాన్ని స్ఫురింపజేసే 'ఉత్ప్రేరకం' అన్న పదంలోనూ ఈ నియంత్రణ కనిపించదు.

2.3 ఉత్ప్రేరక విషం:
ఉత్ప్రేరకాన్ని నిర్వీర్యం చేసే పదార్థానికి ఇది చక్కని రూపకం. అయితే లిండ్లార్ ఉత్ప్రేరకంలో పెల్లేడియంను సీసంతో పాక్షికంగా 'విషపూరితం' చేయడం వల్లనే ఆల్కైన్ చర్య ఆల్కీన్ వద్ద ఆగుతుంది. హాని చేసేది, అదుపు చేసేది రెండూ విషమే అయితే విద్యార్థి తికమకపడతాడు. రెండవదానికి 'మితకారి' అన్న పదాన్ని పరిశీలించవచ్చు.

3. ముగింపు:
స్థిరపడిన పదాలను మార్చనవసరం లేదు. వాటి నిర్వచనాలలో చర్యాక్రమం చేరాలి. పరిభాషా విమర్శ పద వ్యుత్పత్తితో ఆగక, ఆ పదంతో విద్యార్థి చర్యను ఊహించుకోగలడా అన్నదాన్ని ప్రమాణంగా స్వీకరించాలి.