బాలపాఠకుడు – గ్రంథాలయం

బాలసాహిత్యాన్ని గురించిన చర్చ సాధారణంగా పుస్తకం దగ్గర ప్రారంభమై పుస్తకం దగ్గరే ముగుస్తుంది. ఏ కథ వ్రాయాలి, ఏ భాషలో వ్రాయాలి, నీతి ఎంత పాలు వుండాలి అన్నవే అందులోని ప్రశ్నలు. ఆ పుస్తకాన్ని పిల్లవాడు ఎక్కడ కూర్చుని చదువుతాడు, దాన్ని తానే ఎంచుకున్నాడా, నచ్చకపోతే మూసివేసే స్వేచ్ఛ వానికి వున్నదా అన్నవి విమర్శ పరిధిలోకి రావడం అరుదు. పఠనాభిరుచి మొలకెత్తేది మాత్రం అక్కడే.

తెలుగునాట గ్రంథాలయం ఒక ఉద్యమంగా పెరిగింది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిశాయి. 1914లో బెజవాడలో జరిగిన మహాసభ ఈ కృషికి సంఘరూపం ఇచ్చింది. పాఠకుడు రాలేనిచోటికి పుస్తకమే పోవాలన్న సంకల్పంతో 1935లో పాతూరి నాగభూషణంగారు కాలువ మీద పడవ గ్రంథాలయాన్ని నడిపించారు. అయినా ఈ మహోద్యమం ప్రధానంగా ఉద్దేశించినది వయోజనుణ్ణి; మాతృభాష ద్వారా లోకజ్ఞానాన్నీ జాతీయ చైతన్యాన్నీ పొందవలసిన పౌరుణ్ణి. ఆనాటి అవసరం అట్టిది.

పిల్లలకు చదువుకునే తావు కల్పించినవి ఒక విధంగా పత్రికలే. 1945లో వెలువడిన ‘బాల’, 1947లో వెలువడిన ‘చందమామ’ ఇంటి అరుగునే పఠనమందిరంగా మార్చాయి. చదవనేర్చిన అక్క చదువుతుంటే నేర్వని తమ్ముడు వినేవాడు; ఒకే సంచిక ఇరుగుపొరుగు ఇండ్లన్నీ తిరిగేది. చందమామలోని బేతాళ కథల ఆకర్షణ కేవలం అద్భుతరసం వల్ల కలిగినది కాదు. కథ చివర బేతాళుడు ప్రశ్న వేస్తాడు. విక్రమార్కుడు నోరు విప్పేలోగా చదివేవాడు తన తీర్పు తాను చెప్పుకోగలడు. పిల్లవాణ్ణి న్యాయనిర్ణేత స్థానంలో కూర్చోబెట్టిన శిల్పం అది.

ఆ పత్రికలు రెండూ నేడు లేవు. 2010 నుంచి సాహిత్య అకాడెమీ బాలసాహిత్య పురస్కారాలను ఇస్తున్నది. మంచి పుస్తకాలూ వస్తున్నాయి. కాని పురస్కారం పుస్తకాన్ని పెద్దల దృష్టికి తెస్తుందే గాని పిల్లల చేతికి అందించలేదు. ఆ పని గ్రంథాలయానిది. 1960 నాటి గ్రంథాలయ చట్టం ననుసరించి ఇంటిపన్నుతో పాటు సెస్సు చెల్లించే గృహస్థు తన బిడ్డ కూర్చునే చోటుకు ముందే మూల్యం చెల్లిస్తున్నాడు. అయితే నేడు అనేక పఠనమందిరాలు ఉద్యోగపరీక్షల అభ్యర్థులతో నిండి వుంటాయి. వారి అవసరమూ కాదనరానిదే. కాని చదువంటే పరీక్షకు సన్నాహమన్న భావం పిల్లలకు అక్కడ లభించే తొలి పాఠమైతే, వారు మళ్ళీ ఆ గడప తొక్కరు.

ఇందుకు గొప్ప భవనాలు అక్కరలేదు. చేతికందే ఎత్తున తెరచిన బీరువా, బడి వదిలిన తరువాత రెండు గంటల తీరిక, బిగ్గరగా చదివి వినిపించే ఒక పెద్దమనిషి వుంటే చాలు. పుటలు చినుగుతాయని తాళం వేసే గ్రంథపాలకుడు పుస్తకాన్ని కాపాడుకొని పాఠకుణ్ణి పోగొట్టుకుంటాడు.

రచయితకూ అటువంటి చోటు అవసరమే. శ్రోత ఎక్కడ నవ్వాడో, ఎక్కడ విసుగుతో దిక్కులు చూశాడో, ఏ కథ మళ్ళీ చదవమన్నాడో అక్కడ తెలుస్తుంది. బాలసాహిత్యానికి అంతకు మించిన విమర్శ లేదు. ఆ విమర్శ వినబడే చోటు ఊరూరా ఏర్పడేవరకు, పిల్లల కోసం వ్రాసిన పుస్తకం పెద్దలు మెచ్చుకున్న పుస్తకంగానే మిగిలిపోతుంది.