పురి విప్పుకునే పలుపు

పొన్నూరు చుట్టుపక్కల వరి కోసిన చేలల్లో జనుము చల్లే ఇళ్లలో పుట్టినవాళ్లకు పలుపుతాడు సంగతి వేరే చెప్పక్కర్లేదు. నార తడిపి, పాయలు తీసి, అరచేతుల మధ్య పురి ఎక్కిస్తూ పోవడమే. మా తాతయ్య పేనిన పలుపు కోడెదూడ ఎంత లాగినా తెగేది కాదు. పురి కాస్త సాగి మళ్లీ బిగిసేది. పసిపిల్లల మూత్రనాళ వ్యాధి గురించి చదువుతుంటే ఆ తాడే కళ్లముందు కదిలింది.

పిల్లల్లో ఈ జబ్బు నూటికి ఎనభై పాళ్లు ఈ.కొలి అనే బాక్టీరియా వల్లే వస్తుంది. 1885లో దాన్ని మొదట వర్ణించిన థియోడర్ ఎషెరిక్ కూడా పిల్లల డాక్టరే, పసివాళ్ల మలంలో చూశాడు. మామూలుగా పేగుల్లో ఏ గొడవా లేకుండా బతికే జీవి అది. కిడ్నీ దాకా ఎక్కి చలిజ్వరం తెప్పించాలంటే విషం సంగతి తర్వాత, ముందు నిలదొక్కుకోవాలి. మూత్రం వచ్చి వచ్చి కడిగేసే చోట కాలూనడమే పెద్ద పని. కిడ్నీ జబ్బు తెచ్చే రకాలు మూత్రనాళ కణాలకు బాగా అంటుకుంటాయనీ, ఏ బాధా పెట్టకుండా మూత్రంలో ఉండిపోయేవి అంతగా అంటుకోవనీ 1976లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నుంచి క్యాథరీనా స్వాన్‌బోర్గ్ బృందం చూపించింది.

అలా అంటుకోవడానికి ఈ.కొలి ఒంటి మీద మొలిచే తాడు పేరు పి-పిలస్. దాన్ని పేనడానికి పదకొండు పాప్ జన్యువులు ఒక్కచోట వరుసగా ఉంటాయి. తాడు కొసన పాప్-జి అనే కొక్కెం. కిడ్నీ కణాల మీద రెండు గెలాక్టోజులు ఒక ప్రత్యేకమైన తీరులో కలిసిన చక్కెర జంట ఉంటుంది, కొక్కానికి అదే కావాలి.

నన్ను కట్టిపడేసింది మాత్రం తాడు పేనే తీరు. సుమారు వెయ్యి పాప్-ఎ ముక్కలు. ప్రతి ముక్కకీ పుట్టుకతోనే ఒక పోగు తక్కువ. ఒంటరిగా వదిలితే పాడైపోతుంది. పాప్-డి అనే తోడు ప్రొటీను ఆ ఖాళీలో తన పోగు ఉంచి, ముక్కని బయటి పొరలోని ద్వారం దాకా తీసుకొస్తుంది. అక్కడ వెనకొచ్చే ముక్క తన తోకని ముందుదాని ఖాళీలోకి దూర్చగానే తోడు తప్పుకుంటుంది. జిగురు లేదు, ముడి లేదు. ఆ చోట కణపు ఇంధనం కూడా అందదు. ముక్క పూర్తిగా ముడుచుకోకుండా ఆపి ఉంచిన శక్తే అక్కడ పనికొస్తుంది. ఇంత పొదుపైన పనితనం నేను ఏ మగ్గం మీదా చూడలేదు. చివర పాప్-హెచ్ పడితే పేనడం ఆగుతుంది, తాడు కట్టుకొయ్యకి బిగిసినట్టు నిలుస్తుంది.

ఇక పురి. చుట్టుకు మూడుంపావు ముక్కలు. మూత్రం జోరుగా వచ్చినప్పుడు చుట్లు ఒక్కొక్కటే విప్పుకుని తాడు అయిదు రెట్లకు పైగా సాగుతుంది, జోరు తగ్గితే మళ్లీ చుట్టుకుంటుంది. ఆ ఊపు కొక్కెం మీద ఒక్కసారిగా పడదు.

కొందరు పిల్లల్లో మూత్రం సంచి నుంచి వెనక్కి, కిడ్నీ వైపు ఎగదన్నుతుంది. వాళ్లలో పి-పిలస్ లేని రకాలు కూడా కిడ్నీ జ్వరం తెస్తాయి. ప్రవాహమే పైకి మోసుకుపోతుంటే పలుపుతో పనేముంది? జన్యువుల్ని చూసి మురిసే డాక్టర్లు పిల్లవాడి ఒంటి నిర్మాణాన్నీ స్కాన్‌లో చూసేది ఇందుకే.

2011లో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో నియాజ్ అహ్మద్ బృందం పుణెలో దొరికిన ఎన్‌ఏ114 అనే మూత్రనాళ ఈ.కొలి జన్యుపటం మొత్తం చదివింది. చాలా మందులకు లొంగని రకం అది. అంటుకునే జన్యువులు, మందుని తట్టుకునే జన్యువులు వేర్వేరు. రెండూ ఒకే కణంలో చేరితేనే పసివాడికి ముప్పు ఎక్కువ.

అమెరికాలో స్కాట్ హల్ట్‌గ్రెన్, స్వీడన్‌లో ఫ్రెడ్రిక్ ఆల్మ్‌క్విస్ట్ కలిసి పిలిసైడ్లనే మందుల మీద పనిచేశారు. ఇవి బాక్టీరియాని చంపవు, తోడు ప్రొటీనుని పని చెయ్యనివ్వవు. తాడు పేననివ్వకపోతే మిగతాది మూత్రమే కడిగేస్తుందని వాళ్ల ఆశ. ఇవింకా ప్రయోగశాల దాటలేదు. జ్వరమొచ్చిన పసిపిల్లకు ఇవాళ్టికీ మూత్రం కల్చరూ, దానికి సరిపడే యాంటీబయాటిక్కే.