ఇడ్లీపిండి పులవని వంటగది

గుంటూరులో మా అమ్మ వంటింట్లో కొంగుతో చెమట తుడుచుకుంటూ వండేది. ఆ అమ్మే మనవరాలిని చూడ్డానికి నవంబరులో ఇంగ్లండ్‌లో మేముండే లీడ్స్ వచ్చి, స్వెటర్ మీద శాలువా కప్పుకుని, రెండు జతల మేజోళ్లు తొడుక్కుని పొయ్యి ముందు నిలబడింది. రాత్రి రుబ్బి పెట్టిన ఇడ్లీపిండి తెల్లారేసరికి పెట్టింది పెట్టినట్టే ఉంది. పొద్దున ఆరింటికి ఆ గదిలో 11 డిగ్రీలు. "వంటింట్లో చలికి వణకడం ఇదే మొదలు నాన్నా" అంది. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది.

మాది వందేళ్లు దాటిన వరస ఇల్లు. వంటగది ఇంటి వెనక తోకలా పొడుచుకొచ్చి ఉంటుంది, మూడు వైపులా బయటి గాలే. అప్పటి గోడలు 9 అంగుళాల గట్టి ఇటుక, మధ్యలో ఖాళీ ఉండదు. గోడలన్నీ అరలూ ఫ్రిజ్జే ఆక్రమించాక రేడియేటర్‌కి మిగిలింది తలుపు వెనక మూరెడు చోటు. దాన్ని ఎంత వేడి చేసినా కాళ్ల దగ్గర చలి చలిగానే ఉండేది.

ఇలాంటి చోట ప్లింత్ హీటర్ పెడతారు. గట్టు కింది అరలకూ నేలకూ మధ్య జానెడైనా లేని సందులో ఇమిడిపోతుంది. బాయిలర్ నుంచి వచ్చే వేడినీళ్లే దానిలోంచీ పోతాయి, చిన్న ఫ్యాన్ ఆ వేడిని పాదాల మీదికి తోస్తుంది. గోడ అక్కర్లేదు. మేమూ ఒకటి పెట్టించాం. మొదట వచ్చిన ప్లంబర్ పక్క గది రేడియేటర్‌కి వెళ్లే 10 మిల్లీమీటర్ల సన్నగొట్టానికే దీన్నీ అతికించి వెళ్లిపోయాడు. అంత సన్నదానిలో నీళ్లు చాలినంత పారవు. నీళ్లు తగినంత వేడెక్కితేగాని ఫ్యాన్ తిరగదు కాబట్టి పెట్టె మూగగా కూర్చుంది. రెండో మనిషి నేలచెక్కలు లేపి, పెద్ద గొట్టం నుంచి 15 మిల్లీమీటర్ల గొట్టాలు విడిగా లాగాడు. గాలి తీసేసి, మేడమీది రేడియేటర్ల వాల్వులు కొద్దికొద్దిగా బిగించి, నీళ్లు కిందికీ సమంగా వచ్చేట్టు చేశాడు. పనంతా ఆ బిగింపులోనే ఉందని అతన్ని చూశాకే తెలిసింది.

అయితే హీటర్ కన్నా ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది. అది నేర్పింది అమ్మ అగరువత్తే. గాలి వీచే రోజు దేవుడి దగ్గర వెలిగించిన వత్తిని అలాగే వంటగదిలోకి తెచ్చింది. సింకు కింద పొగ నిటారుగా లేవడం మాని పక్కకు పడుకుంది. తలుపు తీసి చూస్తే గొట్టం బయటికి పోయే కంత చుట్టూ వేలు పట్టేంత సందు. పొయ్యి పైన ఫ్యాన్ దగ్గరా అంతే, బయటి రెక్క విరిగి చలిగాలి నేరుగా లోపలికొస్తోంది. సందు పూడ్చి, కొత్త రెక్క బిగించడానికి ఒక్క పూట పట్టింది. (గ్యాస్ పొయ్యి ఉన్న గదికి గాలి ఆడాలని పెట్టిన గ్రిల్‌ను మాత్రం ఎప్పుడూ మూయకండి. అక్కడ ప్రాణాలతో వ్యవహారం. బ్రిటన్‌లో గ్యాస్ పని ఏదైనా గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో నమోదైన మనిషే చేయాలి.) చలి ఎక్కణ్నుంచి వస్తోందో చూడకుండా హీటర్ కొంటే చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే.

ఉత్తరం గోడ ఇంకా చల్లగానే ఉంది. వేసవిలో అరలు ఊడదీసి లోపలివైపు ఇన్సులేషన్ బోర్డు వేయించాలి. పిండి గిన్నెను ఇప్పటికీ లైటు వేసిన ఓవెన్‌లోనే పెడుతున్నాం. పులవడానికి 27, 28 డిగ్రీలు కావాలి, గదిని అంత వేడి చేయనక్కర్లేదు.

నిన్న సాయంత్రం గదిలో 19 డిగ్రీలుంది. అమ్మ శాలువా కుర్చీ మీద పడేసి, స్టూలు హీటర్ గ్రిల్ పక్కకు లాక్కుని వెల్లుల్లి ఒలుస్తోంది. హాల్లో కూర్చోవచ్చుగా అమ్మా అంటే, "ఇక్కడే బాగుంది నాన్నా, ఆ చిన్న చాకు ఇటివ్వు" అంది.