పుస్తకంలో అక్షరాలెన్ని?

‘పుస్తకం’ అనే మాటలో అక్షరాలెన్ని? ఒకటో తరగతి పిల్ల వేళ్లు మడిచి మూడంటుంది: పు, స్త, కం. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషని అడిగితే ఏడంటుంది. దాని లెక్కా తప్పేం కాదు. గుర్తులకి సంకేతాలిచ్చే యూనికోడ్‌లో ‘ప’ ఒకటి, కొమ్ము ఒకటి, ‘స’ ఒకటి, పొల్లు ఒకటి, ఆ తర్వాత త, క, చివర సున్న. దేని సంకేతం దానిదే. పైథాన్ లెక్కపెట్టేది ఆ సంకేతాలనే.

అంతవరకైతే సర్దుకుపోవచ్చు. అసలు చిక్కు వ్యాసాన్ని మాటలుగా విడగొట్టేటప్పుడు వస్తుంది. పైథాన్ నేర్చుకునే ప్రతివాళ్లూ మొదట్లోనే ఒక చిట్కా పట్టేస్తారు. భాషతోపాటే వచ్చే ‘ఆర్‌ఈ’ మాడ్యూల్ తెచ్చుకుని, బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ప్లస్ అని నమూనా ఇస్తే మాటలన్నీ ఏరి పెడుతుంది. ఇంగ్లిషు మీద భేషుగ్గా నడుస్తుంది. దానికి ‘పుస్తకం’ ఇచ్చి చూడండి. ‘ప’, ‘స’, ‘తక’ అని మూడు ముక్కలు చేతిలో పెడుతుంది. కొమ్ము, పొల్లు, సున్న గల్లంతు. ఆ మాడ్యూల్ లెక్కలో గుణింతపు గుర్తులు అక్షరాలూ కావు, అంకెలూ కావు. అందుకని వాటి దగ్గర మాట అయిపోయిందనుకుంటుంది. ఎర్రర్ ఒక్కటీ రాదు. వేల వ్యాసాల మీద నడిపినా కిమ్మనకుండా ‘తక’ ఎన్నిసార్లు వచ్చిందో లెక్క తేల్చి ఇస్తుంది. దాన్నుంచి చక్కటి గ్రాఫులు కూడా గీయొచ్చు.

తెలుగుకే కాదు, హిందీకీ ఇదే గతి. రోమన్ లిపి కానివాటికి ఈ నమూనా అక్కరకు రావడం లేదని 2007లోనే పైథాన్ వాళ్ల దగ్గర ఫిర్యాదు నమోదైంది. ఆర్‌ఈ ఇప్పటికీ అలాగే ఉంది. వాళ్లని తిట్టి లాభం లేదు. ఇన్నేళ్లుగా కోట్ల వరసల కోడ్ ఆ ప్రవర్తన మీదే ఆధారపడి ఉంది. ఒకచోట సరిచేస్తే వందచోట్ల తెగుతుంది. పైగా న్యాయంగా ఒక మాట చెప్పాలి. తెలుగు అంకెల్లో ౨౦౨౫ అని రాసి సంఖ్యగా మార్చమంటే, ఏ లైబ్రరీ లేకుండానే పైథాన్ 2025 అని చదువుతుంది. మన అంకెలు తెలుసు, కొమ్ములే తెలియవు.

దీనికి మందు ‘రెజెక్స్’ అనే లైబ్రరీ. లైబ్రరీలను తెచ్చిపెట్టే పిప్‌తో ఒక్క ఆదేశం చాలు, వచ్చి కూర్చుంటుంది. మాథ్యూ బార్నెట్ అనే ఆయన దీన్ని ఆర్‌ఈ స్థానంలో వాడుకునేలా రాశారు. పైథాన్‌లోకే చేర్చాలన్న మాట ఒకప్పుడు గట్టిగా వినిపించింది కానీ జరగలేదు, బయటే ఉండిపోయింది. పాత కోడ్‌లో దిగుమతి చేసుకునే వరస ఒక్కటి మారిస్తే చాలు, అదే నమూనాకి ‘పుస్తకం’ పుస్తకంగానే వస్తుంది. ఇందులో పెద్ద ఎక్స్‌తో ఇంకో నమూనా ఉంది. సంకేతాలను కాకుండా మనిషి కంటికి ఆనే అక్షరాలను అది పట్టుకుంటుంది. అక్కడా ఒక మెలిక. యూనికోడ్ పాత నియమం ప్రకారం ‘స్త’ కూడా రెండుగా చీలుతుంది, లెక్క నాలుగవుతుంది. తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో సంయుక్తాక్షరాన్ని చీల్చకూడదన్న నియమం 2023లో, యూనికోడ్ 15.1తో వచ్చింది. ఆ నియమం ఎక్కిన లైబ్రరీ అయితేనే ఒకటో తరగతి పిల్ల లెక్కకి సరిపోతుంది. కాబట్టి పేరొక్కటే చాలదు, వెర్షన్ కూడా చూసుకోవాలి.

తెలుగుకి పనికొచ్చే రెండో లైబ్రరీ ‘బేబెల్’. కోటి ఇరవై మూడు లక్షల చిల్లర మొత్తాన్ని కామాలతో చూపమంటే పైథాన్ 12,345,678 అని రాస్తుంది. బేబెల్‌కి తెలుగు అని చెబితే 1,23,45,678 అంటుంది. నెలల పేర్లు, వారాల పేర్లు కూడా తెలుగులో ఇస్తుంది. బిల్లు ముద్రించే ప్రోగ్రాములో ఈ కామాల కోసం సొంతంగా లూపు రాసుకున్నవాళ్లను చాలామందినే చూశాను. రుణసంఖ్య వచ్చేసరికి ఆ లూపుల్లో సగం తప్పటడుగు వేస్తాయి.

తప్పక తెలియాల్సిన లైబ్రరీలంటూ వచ్చే జాబితాల్లో ఈ రెండూ అరుదు. పాండాస్, రిక్వెస్ట్స్, బ్యూటిఫుల్ సూప్ ఉంటాయి. మంచివే, వాటికి నా ప్రచారం అక్కర్లేదు. అయితే అవెలా పుట్టాయో గమనించాలి. వెస్ మెకిన్నీ 2008లో ఒక పెట్టుబడుల సంస్థలో పనిచేస్తూ, తన లెక్కలకి సరైన పరికరం లేక పాండాస్ మొదలుపెట్టాడు. లెనర్డ్ రిచర్డ్‌సన్ 2004లో బ్యూటిఫుల్ సూప్ విడుదల చేశాడు, అడ్డదిడ్డంగా రాసిన హెచ్‌టీఎంఎల్‌ని ఎలాగోలా చదవడానికి. ఎవరి బల్ల మీది తలనొప్పికి వాళ్లు మందు చేసుకుని నలుగురికీ పంచారు. కొమ్ములూ పొల్లులూ వాళ్ల బల్ల మీదికి ఎన్నడూ రాలేదు.

పంచిపెట్టే చోటు పేరు పైపీఐ. అక్కడున్న ప్రాజెక్టులు 5 లక్షలు దాటాయి. అందులో ఏది పడితే అది తెచ్చుకోవద్దు. 2016 మార్చిలో జావాస్క్రిప్ట్ లోకంలో ‘లెఫ్ట్‌ప్యాడ్’ అనే 11 వరసల ముక్కను రాసినవాడే వెనక్కి తీసుకుంటే, ప్రపంచమంతటా ఎన్నో ప్రాజెక్టుల బిల్డ్‌లు నిలిచిపోయాయి. మాటకు ఎడమపక్క ఖాళీలు నింపడం, అదీ దాని పని! 11 వరసలైతే మీరే రాసుకోండి. యూనికోడ్ పట్టికలు మోయాల్సిన పనైతే రెజెక్స్‌ని పిలవండి. ఇన్‌స్టాల్ చేసేముందు స్పెల్లింగ్ ఇంకోసారి చూసుకోండి. పేరున్న లైబ్రరీకి ఒక అక్షరం అటూ ఇటూ చేసి, అదే పేరనిపించేలా హానికరమైన కోడ్ పెట్టేవాళ్లు అక్కడ ఉంటూనే ఉంటారు.

ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది పిల్లలు ప్రాజెక్టుకి ఏం చేయమంటారని అడుగుతుంటారు. నా దగ్గర ఒకటుంది. ‘హైదరాబాద్‌లో’ అని టైపు చేసేటప్పుడు పొల్లుకీ ‘లో’కీ మధ్య కంటికి కనబడని సంకేతం ఒకటి కొందరు పెడతారు, కొందరు పెట్టరు. వెతుకులాటలో ఆ రెండూ వేరు వేరు మాటలైపోతాయి. తెలుగు పాఠ్యాన్ని వెతకడానికి అనువుగా ఒక్క తీరుకి తెచ్చే చిన్న లైబ్రరీ రాయండి. రెండు మూడు ఫంక్షన్లు చాలు, కానీ పరీక్షలకి కనీసం వెయ్యి మాటల జాబితా ఉండాలి. అందులో క్రావడులూ వట్రసుడులూ దండిగా చేర్చండి. లైసెన్స్ ఫైలు మాత్రం మరవద్దు. అది లేకపోతే, కోడ్ అందరికీ కనిపిస్తున్నా తీసుకుని వాడుకునే హక్కు ఎవరికీ ఉండదు.